సంస్థల కంప్యూటర్ నెట్‌వర్క్‌లకు రక్షణ: బ్యాంకు దోపిడీలు నేర్పిన పాఠాలు

ఒకప్పుడు బ్యాంకు దోపిడీ అంటే గోడకు కన్నం వేయడం, బీరువా పగులగొట్టడం. నేడు ఖాతాదారుల సొమ్ము ప్రధానంగా కంప్యూటర్ పద్దులలో అంకెల రూపంలో ఉంటుంది. శాఖలలోని కంప్యూటర్లు, ప్రధాన కార్యాలయంలోని సర్వర్లు, ఏటీఎం యంత్రాలు ఒకదానితో ఒకటి అనుసంధానమై ఏర్పడే వ్యవస్థనే నెట్‌వర్క్ అంటారు. అనుమతి లేనివారు ఆ వ్యవస్థలోకి చొరబడి సొమ్మునో సమాచారాన్నో అపహరించడం, లేదా పనిని స్తంభింపజేయడం సైబర్ దాడి. పాల సంఘం మొదలుకొని పెద్ద కర్మాగారం వరకు కంప్యూటర్లపై ఆధారపడిన ప్రతి సంస్థకూ ఈ ముప్పు ఉన్నది. గ్రామీణులు పొదుపు దాచుకొనే సహకార బ్యాంకులు ఇందుకు మినహాయింపు కావు.

హైదరాబాదు ఉదంతం

2022 జనవరిలో హైదరాబాదులోని ఏ.పి. మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుండి రూ. 12.48 కోట్లు అపహరణకు గురయ్యాయి. ఆ ఏడాది మార్చిలో నగర పోలీసులు వెల్లడించిన వివరాల ప్రకారం, దాడికి పునాది 2021 నవంబరులోనే పడింది. బ్యాంకు సిబ్బందికి దాదాపు 200 మోసపూరిత ఈమెయిళ్ళు వచ్చాయి. వాటిని ఇద్దరు ఉద్యోగులు తెరిచారు. దానితో వారి కంప్యూటర్లలో ఒక దొంగ ప్రోగ్రాము చేరి, దూరాన ఉన్న దుండగులకు లోపలి మార్గం చూపింది. వారు తొందరపడలేదు, వారాల తరబడి లోపలే పొంచి ఉండి, పాస్‌వర్డులు సేకరించి, అదను చూసి సొమ్మును అనేక ఖాతాలకు మళ్ళించారు. సైబర్ భద్రతా నిబంధనలను పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఈ బ్యాంకుకు రూ. 65 లక్షల జరిమానా విధించింది.

ఏ ఒక్క లోపమూ ఇంతటి నష్టానికి చాలదు. ఒక అడ్డు తొలగినా తరువాతి అడ్డు ఆపగలగాలి. నెట్‌వర్క్ రక్షణకు మూలసూత్రం ఇదే.

లోపలి గోడలు

బయటినుండి వచ్చే రాకపోకలను తనిఖీ చేసే ద్వారపాలకుని వంటిది ఫైర్‌వాల్. మహేశ్ బ్యాంకులో ఈ రక్షణ సరిగా లేదనీ, ప్రధాన కార్యాలయపు నెట్‌వర్క్‌ను శాఖల నెట్‌వర్క్ నుండి వేరుచేయలేదనీ పోలీసులు తేల్చారు. వీధి తలుపునకు గడియ వేసి, లోపలి గదులకు తలుపులే పెట్టని ఇంట్లో దొంగ ఒకసారి అడుగుపెడితే ధాన్యపు కొట్టు వరకూ అడ్డుండదు. అందువలన నెట్‌వర్క్‌ను భాగాలుగా విడదీయాలి. గుమాస్తా ఈమెయిలు చూసే కంప్యూటరుకూ ఖాతాల పద్దులుండే సర్వరుకూ మధ్య నేరుగా దారి ఉండరాదు.

అధికారానికి హద్దు

అన్ని పద్దులను మార్చగల సర్వాధికార ఖాతాలు ఒకరిద్దరికి మించి ఉండరాదు. మహేశ్ బ్యాంకులో ఇటువంటివి పది ఉన్నాయనీ, వాటిలో కొన్నింటి పాస్‌వర్డ్ ఒకటేననీ దర్యాప్తులో బయటపడింది. ప్రతి ఉద్యోగికి అతని పనికి అవసరమైనంత మేరకే అనుమతి ఇవ్వాలి. పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చే సంకేత సంఖ్యనో, ప్రత్యేక పరికరాన్నో రెండవ తాళంగా వాడాలి. పెద్ద మొత్తాల బదిలీకి ఒకరు నమోదు చేస్తే మరొకరు ఆమోదించే పద్ధతి తప్పనిసరి.

నిరంతర నిఘా

పుణె కేంద్రంగా ఉన్న కాస్మోస్ సహకార బ్యాంకుపై దాడి 2018 ఆగస్టు 11న, శనివారంనాడు మొదలైంది. దుండగులు ఏటీఎం వ్యవస్థకు బదులుగా ఒక నకిలీ వ్యవస్థను నిలిపి, తమ కార్డులకు తామే ఆమోదం ఇచ్చుకొన్నారు. కొద్ది గంటలలోనే 28 దేశాలలోని ఏటీఎంలనుండి సొమ్ము తీశారు. 13వ తేదీన మరికొంత మొత్తాన్ని హాంగ్‌కాంగ్‌కు మళ్ళించారు. మొత్తం నష్టం రూ. 94.42 కోట్లు. సెలవు దినాలలో కూడా అసాధారణ లావాదేవీలను వెంటనే గుర్తించి నిలిపివేసే నిఘా ఎంత అవసరమో ఈ ఘటన తెలిపింది.

మరమ్మతులు, నకళ్ళు

ప్రోగ్రాములలో బయటపడే లోపాలకు తయారీదారులు ఎప్పటికప్పుడు సవరణలు విడుదల చేస్తారు. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే సవరణ ఇచ్చింది. దానిని అమర్చుకోని కంప్యూటర్లపై మే 12న వాన్నాక్రై దాడి జరిగింది. దస్త్రాలకు తాళం వేసి డబ్బు అడిగే ఈ ప్రోగ్రాము దాదాపు 150 దేశాలకు పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి.

ఇటువంటి దాడికి విరుగుడు ముందుగా తీసిపెట్టుకొన్న నకలు. ముఖ్యమైన సమాచారం మూడు ప్రతులుగా, రెండు వేర్వేరు మాధ్యమాలలో, అందులో ఒకటి వేరొక చోట ఉండాలన్నది నిపుణుల నియమం. కనీసం ఒక నకలు నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా ఉండాలి. అది సరిగా పనిచేస్తున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి.

సేవలు అందించేవారి భద్రత

చిన్న బ్యాంకులకు కంప్యూటర్ సేవలను తరచుగా వేరొక సంస్థ అందిస్తుంది. అటువంటి సీ-ఎడ్జ్ టెక్నాలజీస్‌పై దాడి జరగడంతో, 2024 జులై 31న జాతీయ చెల్లింపుల సంస్థ దానిని తన వ్యవస్థ నుండి తాత్కాలికంగా వేరుచేసింది. ఫలితంగా సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపుల సేవలు నిలిచిపోయి, మరునాడు తిరిగి మొదలయ్యాయి. ఇబ్బంది కలిగినా, దాడి ఇతరులకు పాకకుండా ఆపడానికి తెగిన భాగాన్ని వేరుచేయడమే సరైన మార్గం. దాడిని గుర్తించిన 6 గంటలలోపు సెర్ట్-ఇన్ అనే జాతీయ సంస్థకు తెలపాలని 2022 ఏప్రిల్ ఆదేశాలు నిర్దేశిస్తున్నాయి.

ఖాతాదారులు తెలుసుకోవలసినది

బ్యాంకు నిర్లక్ష్యం వలన జరిగిన అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీలకు ఖాతాదారు బాధ్యుడు కాడని 2017లో రిజర్వు బ్యాంకు జారీచేసిన నిబంధనలు చెబుతున్నాయి. తప్పు ఇద్దరిదీ కాకుండా మూడవవారి వలన జరిగినప్పుడు, సమాచారం అందిన 3 పనిదినాలలోపు బ్యాంకుకు తెలిపినవారికి ఆ రక్షణ పూర్తిగా వర్తిస్తుంది. కనుక ఫోనుకు వచ్చే సందేశాలను నిర్లక్ష్యం చేయరాదు. మోసం జరిగిన వెంటనే 1930 సంఖ్యకు ఫిర్యాదు చేయాలి. ఈ సంఖ్య దేశమంతటికీ ఒక్కటే. సరిహద్దుకు ఏ వైపున ఉన్నవారైనా దీనినే ఆశ్రయించవచ్చు.

మరొక సంగతి గ్రామీణ యువతకు ముఖ్యమైనది. దోచిన సొమ్ము చేతికందాలంటే దుండగులకు ఎవరివో ఖాతాలు కావాలి. స్వల్ప కమీషను ఆశచూపి పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ కార్డు అడిగేవారు అందుకే తిరుగుతుంటారు. మహేశ్ బ్యాంకు కేసులో అటువంటి ఖాతాదారులు కూడా అరెస్టు అయ్యారు. తన ఖాతాను పరులకు అప్పగించినవాడు, ఆ సొమ్ము ఎక్కడిదో తెలియదన్నంత మాత్రాన కేసునుండి తప్పించుకోలేడు. బ్యాంకు తన నెట్‌వర్క్‌ను కాపాడుకోవడం ఎంత అవసరమో, ఖాతాదారు తన ఖాతాను కాపాడుకోవడం అంతే అవసరం.