పట్టికలో ఒక వరుస

1956 వింబుల్డన్ మహిళల డబుల్స్ విజేతలు ఆంజెలా బక్స్‌టన్, ఆల్తియా గిబ్సన్. ఫైనల్లో ఆస్ట్రేలియా జోడీ ఫే ముల్లర్, డాఫ్నీ సీనీలని 6-1, 8-6తో ఓడించారు. రికార్డు పుస్తకాల్లో దీనికి దక్కిన చోటు ఒకే ఒక్క వరుస. అదే పట్టికలో 2015కి ఎదురుగా మార్టినా హింగిస్ పక్కన మన హైదరాబాదు సానియా మీర్జా పేరుంది. ఆ గెలుపు మనకి గుర్తుంది. అక్కణ్ణుంచి వెనక్కి నడిచి 1956 దగ్గర ఆగడం అవసరమనిపించింది నాకు.

డబుల్స్‌ని, ముఖ్యంగా ఆడవాళ్ల డబుల్స్‌ని, ఎప్పుడూ రెండో వరుసలోనే కూర్చోబెట్టారు. వింబుల్డన్‌లో మగవాళ్ల డబుల్స్, ఆడవాళ్ల సింగిల్స్ రెండూ 1884 నుంచే ఉన్నాయి. మహిళల డబుల్స్‌కి పూర్తి ఛాంపియన్‌షిప్ హోదా వచ్చింది 1913లో. అంటే ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత. ఇద్దరు స్త్రీలు ఒకరి బలం ఒకరికిచ్చుకుంటూ ఆడే ఆట ఎవరికీ చరిత్రలా కనపడలేదు కాబోలు.

గిబ్సన్ 1927లో దక్షిణ కరొలినాలో పాలుకి పత్తి పండించే నల్లజాతి కుటుంబంలో పుట్టి, న్యూయార్క్‌లోని హార్లెం వీధుల్లో పెరిగింది. అమెరికా టెన్నిస్ సంఘం నిబంధనల్లో నల్లవాళ్లు ఆడకూడదని ఎక్కడా లేదు. కాకపోతే జాతీయ పోటీలకి అర్హత రావాలంటే ముందు చిన్న టోర్నమెంట్లలో ఆడాలి. అవి జరిగేది తెల్లవాళ్ల క్లబ్బుల్లో. ఆ క్లబ్బుల గేటు వాళ్లకి తెరుచుకోదు. కులం సంగతి తెలిసిన మనకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. బోర్డు పెట్టరు, కాదని కూడా అనరు, దరఖాస్తుకి జవాబు రాదు, అంతే. 1950 జులైలో ఒకప్పటి ఛాంపియన్ ఆలిస్ మార్బుల్ ఒక టెన్నిస్ పత్రికలో ఈ నాటకాన్ని ఎండగట్టాకే ఆ ఏడాది గిబ్సన్‌కి ప్రవేశం దొరికింది. అయితే మార్బుల్ రాతని పొగుడుతూ, అంతకుముందు గిబ్సన్‌ని ఇంట్లో పెట్టుకుని చదివించి, ఆట నేర్పించిన నల్లజాతి డాక్టర్లనీ, నల్లవాళ్లు తమకోసం తాము నడుపుకున్న అమెరికన్ టెన్నిస్ అసోసియేషన్‌నీ మర్చిపోవడం అలవాటైపోయింది. ఆ సంఘం మహిళల టైటిల్‌ని 1947 నుంచి వరసగా పదేళ్లు గెలిచింది గిబ్సనే.

బక్స్‌టన్‌ది లివర్‌పూల్‌లో పుట్టిన యూదు కుటుంబం. చిన్నప్పుడు లండన్‌లో ఒక పేరున్న క్లబ్బులో చేరబోతే, యూదురాలివి కాబట్టి కుదరదన్నారు.

ఇద్దరూ కలిసింది మన ఢిల్లీలో. 1955 చివర్లో అమెరికా విదేశాంగ శాఖ సౌహార్ద పర్యటన పేరుతో గిబ్సన్‌ని ఆసియా దేశాలకి పంపింది. సొంత దేశంలో సగం క్లబ్బుల్లోకి అడుగుపెట్టలేని మనిషిని, తమ దేశంలో వివక్ష లేదని చూపించడానికి ఊరేగించారన్నమాట! ఆ పర్యటనలో ఢిల్లీ టోర్నమెంట్‌కి వచ్చిన బక్స్‌టన్‌తో పరిచయం కుదిరింది. గిబ్సన్ పక్కన నిలబడి ఆడటానికి ఎవరూ ముందుకు రాలేదని, తనకీ జోడీ లేదని బక్స్‌టన్ తర్వాతి రోజుల్లో చెప్పింది. ఎవరికీ అక్కర్లేని ఇద్దరు ఒకరినొకరు ఎంచుకున్నారు.

1956 మేలో పారిస్‌లో డబుల్స్ గెలిచారు. సింగిల్స్ సెమీఫైనల్లో మాత్రం ఎదురెదురుగా ఆడాల్సొచ్చింది. ఆట మధ్యలో గిబ్సన్ బ్రా పట్టీ తెగిపోతే, బక్స్‌టన్ పరుగున అవతలికెళ్లి జనానికి కనపడకుండా ఆమెకి అడ్డంగా నిలబడింది. ఆ మ్యాచ్ గిబ్సన్ గెలిచింది, టైటిల్ కూడా. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమె. ఆ పట్టీ సంగతి ఏ స్కోరు పట్టికలోనూ ఉండదు. ఆడవాళ్ల ఆటల చరిత్ర రాయడానికి కూర్చుంటే నేను దానితోనే మొదలుపెడతాను.

వింబుల్డన్ గెలిచిన మర్నాడు ఒక ఇంగ్లీషు పత్రిక మైనారిటీలు గెలిచారని చిన్న అక్షరాల్లో వేసిందని బక్స్‌టన్ గుర్తుచేసుకునేది. ఇద్దరి పేర్లకంటే వాళ్ల పుట్టుకే వార్తయింది.

డబ్బు విషయానికొస్తే, 2015లో సానియా, హింగిస్‌ల జోడీకి వచ్చిన బహుమతి 3 లక్షల 40 వేల పౌండ్లు. అదే ఏడాది సింగిల్స్ విజేతకి 18 లక్షల 80 వేలు. ఈ తేడా సంగతి అలా ఉంచితే, 1956లో ఇద్దరికీ పైసా రాలేదు. అప్పుడది అమెచ్యూర్ ఆట, వింబుల్డన్ ప్రొఫెషనల్స్‌కి తలుపులు తెరిచింది 1968లో. డబ్బు కోసం ఆడకపోవడం గొప్ప విలువ అని చెప్పినవాళ్లకి తాతలు సంపాదించిన ఆస్తులున్నాయి. గిబ్సన్‌కేమున్నాయి? 1957, 1958లలో వింబుల్డన్ సింగిల్స్ గెలిచాక కూడా, బతకడానికి బాస్కెట్‌బాల్ ప్రదర్శనలకి ముందు టెన్నిస్ ఆడి చూపిస్తూ ఊరూరా తిరిగింది. తర్వాత గోల్ఫ్‌లోకి వెళ్లింది.

1995లో ఆమె బక్స్‌టన్‌కి ఫోన్ చేసింది. ఒంట్లో బాగాలేదు, అద్దెకీ మందులకీ డబ్బుల్లేవు, చచ్చిపోవాలనుందని చెప్పింది. బక్స్‌టన్ ముందు తన చేతిలోంచి పంపి, తర్వాత ఒక టెన్నిస్ పత్రికలో విషయం రాయించింది. ప్రపంచం నలుమూలల నుంచీ దాదాపు 10 లక్షల డాలర్లు వచ్చాయి. ఈ కథని సాధారణంగా ఇక్కడే, కళ్లు తుడుచుకుంటూ, ఆపేస్తారు. తెల్ల స్నేహితురాలి దయ అని. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. ఆ జోడీలో పెద్ద క్రీడాకారిణి గిబ్సన్. ఆమెకి అందాల్సిన డబ్బుని ఆట ఎగ్గొడితే, స్నేహం ఆలస్యంగా వసూలు చేసి పెట్టింది.

గిబ్సన్ 2003లో చనిపోయింది. 2019లో యూఎస్ ఓపెన్ ప్రాంగణంలో ఆమె విగ్రహం పెట్టారు. వింబుల్డన్ గెలిచాక ఆల్ ఇంగ్లండ్ క్లబ్బు సభ్యత్వానికి దరఖాస్తు పెట్టానని, తాను యూదురాలిని కాబట్టే జవాబు రాలేదని బక్స్‌టన్ ఎన్నోసార్లు చెప్పింది. 2020 ఆగస్టులో, 85వ ఏట ఆమె పోయేనాటికి కూడా అది రాలేదు.