తగ్గిన నమోదు, తగ్గని క్షయ: కరోనా ఆంక్షల కాలంపై ఒక పరిశీలన

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం రామాలయానికీ, కొండలపైనున్న బౌద్ధ, జైన అవశేషాలకూ ప్రసిద్ధి పొందిన క్షేత్రం. 2020లో శ్రీరామనవమి ఏప్రిల్ 2న వచ్చింది. దేశవ్యాప్త లాక్‌డౌన్‌లో అది తొమ్మిదవ రోజు. నాటి ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలలో కరోనా చివరగా నమోదైనది విజయనగరంలోనే. మే తొలివారం వరకు అక్కడ ఒక్క కేసూ లేదు. అంటే ఈ ప్రాంతానికి వ్యాధి కంటే ముందే ఆంక్షలు వచ్చాయి. ఆ ఆంక్షల వలన, ఎంతోకాలంగా ఉన్న క్షయ ఏ విధంగా మరుగున పడిందన్నది పరిశీలించదగిన విషయం.

ఇరవయ్యవ శతాబ్ది తొలి అర్ధభాగంలో క్షయ చికిత్స అంటే మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం వంటి శానిటోరియంలలో నెలల తరబడి ఉండడమే. 1956లో మద్రాసులో ప్రారంభమైన పరిశోధన ఇంటివద్ద మందులు వాడినా ఫలితం సమానంగా ఉంటుందని నిరూపించింది. దానితో చికిత్స ఇంటికి చేరింది. రోగనిర్ధారణ మాత్రం ఇల్లు దాటితేనే సాధ్యమయ్యేదిగా మిగిలింది. రెండు వారాలు మించి దగ్గు ఉన్నవారు ఆసుపత్రికి వెళ్ళి కఫపరీక్ష చేయించుకోవాలి. లాక్‌డౌన్ ఆ ఒక్క అడుగునే ఆపింది.

బస్సులు నిలిచాయి. ఆశా కార్యకర్తలు కరోనా సర్వేలకు మళ్ళారు. క్షయ నిర్ధారణకు ఉద్దేశించిన ట్రూనాట్ యంత్రాలు కరోనా పరీక్షలకు వినియోగమయ్యాయి. దగ్గు, జ్వరం రెండు వ్యాధులకూ ఉమ్మడి లక్షణాలు కావడంతో, క్వారంటైన్‌కు జంకి దగ్గును దాచుకోవలసిన స్థితి కూడా ఏర్పడింది.

ఫలితం జాతీయ గణాంకాలలో స్పష్టంగా కనిపిస్తుంది. 2019లో దేశంలో సుమారు 24 లక్షల క్షయ కేసులు నమోదుకాగా, 2020లో ఆ సంఖ్య దాదాపు 18 లక్షలకు పడిపోయింది. ఇది వ్యాధి తగ్గుదల కాదు, గుర్తింపు తగ్గుదల. అదే ఏడాది ప్రపంచవ్యాప్తంగా క్షయ మరణాలు దశాబ్దకాలంలో తొలిసారిగా పెరగడమే ఇందుకు నిదర్శనం. నిర్ధారణ ఆలస్యమైనకొద్దీ ఊపిరితిత్తులలో గుహికలు ఏర్పడి వ్యాధి ముదురుతుంది. మందులు మొదలుకాని రోగి నుండి అది ఇంటిల్లిపాదికీ సోకే ప్రమాదం పెరుగుతుంది.

2022 నాటికి నమోదు తిరిగి 24 లక్షలు దాటింది. అయితే సంఖ్య కోలుకున్నంత మాత్రాన ఆలస్యంగా గుర్తించిన రోగి ఊపిరితిత్తులు కోలుకోవు. కాబట్టి ఒక మహమ్మారిని అరికట్టే ఆంక్షల చరిత్రను రాసేటప్పుడు, ఆ కాలంలో నమోదుకాని దగ్గును కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంది.