మూలమేది? నకలేది?

తాళపత్ర ప్రతుల మధ్య పాఠం తప్పినప్పుడు మన పండితులు వాటిని పక్కపక్కన పెట్టుకొని సరిచూసేవారు. 19వ శతాబ్దిలో సి.పి. బ్రౌను కొలువులోని పండితులు చేసినదీ అదే. డేటాబేసుల లోకంలో రివాజు వేరు. మూలంతో పొంతన తప్పిన నకలును తుడిచివేసి, మళ్ళీ మొదటినుండి రాయిస్తారు. ఆ తుడిచే ఘడియ ఎంత ప్రమాదకరమైనదో గిట్‌ల్యాబ్ చరిత్ర చదివాకే నాకు బోధపడింది.

ప్రోగ్రామర్లు తమ కోడును దాచుకునే ఆ సంస్థకు 2017లో ఒక ప్రధాన డేటాబేసు సర్వరూ, దానికి నకలుగా మరొకటీ ఉండేవి. మూలంలోని ప్రతి మార్పూ ఒక చిట్టాకెక్కి నకలుకు చేరేది. జనవరి 31న మూలంపై భారం పెరిగి నకలు వెనకబడింది. అది అందుకొనేలోపే చిట్టాలోని పాత భాగాలను మూలం తొలగించివేసింది. నకలు ఆగిపోయింది.

సరిచేయబూనిన ఇంజనీరు నకలును తుడిచి, కొత్త ప్రతి తీయమని ఆదేశమిచ్చారు. ఆ ఆదేశం ఉలుకూ పలుకూ లేక నిలిచిపోయింది. పాత ప్రయత్నాల అవశేషాలు అడ్డుపడుతున్నాయేమోనని, గ్రీనిచ్ కాలమానం ప్రకారం రాత్రి 11:30 ప్రాంతంలో మళ్ళీ తుడిచారు. ఈసారి తుడిచినది మూలాన్ని! క్షణాల్లో గ్రహించి ఆపేసరికే సుమారు 300 గిగాబైట్లు పోయాయి.

రోజువారీ బ్యాకప్ కోసం వెతికితే అక్కడ ఏమీ లేదు. డేటాబేసు వెర్షను 9.6, ప్రతి తీసే ఉపకరణానిది 9.2, పొసగక బ్యాకప్ విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి తెలుపవలసిన ఈమెయిళ్ళు కూడా చేరలేదు. చివరకు ఆదుకున్నది, ఆరు గంటల ముందు వేరే పరీక్ష కోసం అదే ఇంజనీరు తీసి ఉంచిన ప్రతి. సేవ తిరిగి నిలబడడానికి సుమారు 18 గంటలు పట్టింది. కోడు భద్రంగానే ఉంది కానీ, ఆ ఆరు గంటల్లో చేరిన దాదాపు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు దక్కలేదు.

సంస్థ ఈ ఉదంతాన్ని దాచలేదు. పునరుద్ధరణను యూట్యూబులో ప్రత్యక్షంగా చూపి, తరువాత కారణాలన్నీ ప్రకటించింది. ఒక్క మనిషి మీదికి తోసి చేతులు దులుపుకోలేదు.

నేను గ్రహించినవి రెండు. నకలు బ్యాకప్ కాదు. మూలంలో ఆదేశమిచ్చి చెరిపిన వరుస నకలులోనూ చెరిగిపోతుంది. తిరిగి నిలబెట్టి చూడని బ్యాకప్ ఉన్నట్టూ కాదు. ఇక తుడవక తప్పదనుకున్న ప్రతిని సైతం, కొత్తది సిద్ధమయ్యేదాకా పేరు మార్చి పక్కన ఉంచడం మేలు. ఏ ప్రతి అవసరపడుతుందో ముందుగా ఎవరికి తెలుసు?