లడ్డూ ఎగరాలంటే మనిషి ఆగాలి

జూలై 3 దగ్గర పడింది. ఎస్వీ రంగారావు జయంతి, ఏదైనా రాసి పంపమని ఎడిటరుగారి ఫోను. 1918లో నూజివీడులో పుట్టిన ఎస్వీఆర్ నటన గురించి రాయనివాళ్లు లేరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది కాబట్టి ఆయనిప్పుడు రికార్డుల ప్రకారం మావాడేనని కాలరెగరేయడం ఒకటుంది, అదీ చేసేశాం. అందుకని ఈసారి ఆయన ఒంటి గురించి రాస్తాను. అంత భారీ కాయం కెమెరా ముందు బొమ్మగా మారడానికి ఎలా ఒప్పుకుందన్నదే సంగతి.

ఒంటితో కన్ను కట్టడం మన వైపు పాత విద్యే. కూచిపూడి పగటివేషగాళ్ల అర్ధనారీశ్వర వేషం చూడండి. ముఖానికి అడ్డంగా గుడ్డ పట్టుకుని ఇటు తిరిగితే శివుడు, అటు తిరిగితే పార్వతి. ఉన్నది ఒక్క మనిషే. తర్వాత 1885లో మొదలైన సురభి వాళ్లు మాయల్నీ మంత్రాల్నీ స్టేజీ ఎక్కించారు. ఇంతలో సినిమా వచ్చింది. స్పెయిన్ వాడు సెగుండో దె చొమోన్ 1908 నాటి ‘ఎలక్ట్రిక్ హోటల్’లో కుర్చీలో కూర్చున్నావిడ జుట్టును దానంతటదే దువ్వుకునేట్టు చేశాడు. కెమెరా ఫ్రేము ఫ్రేముకీ ఆగింది, ఆవిడా ఆగింది. కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ 1952లో తీసిన ‘నైబర్స్’లో ఇద్దరు పొరుగువాళ్లు అడుగు వేయకుండానే గడ్డి మీద జారుకుంటూ పోతారు, గాల్లో తేలతారు. కిటుకేమిటంటే, నటుడు ఎగిరిన ప్రతిసారీ పైకి లేచిన ఆ క్షణంలో ఒక్క ఫ్రేము తీయడం. మళ్లీ ఎగరడం, మళ్లీ తీయడం. మోకాళ్లు ఏమైపోయాయో పాపం! ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది.

ఇక 1957. ఆ ఏడాది మెక్‌లారెన్ ‘ఎ చెయిరీ టేల్’ అని ఇంకో చిన్న సినిమా తీశాడు. కూర్చోబోయిన మనిషిని కూర్చోనివ్వని కుర్చీ కథ. సంగీతం మన రవిశంకర్. అదే ఏడాది మార్చి 27న ఇక్కడ ‘మాయాబజార్’ విడుదలైంది. అందులో నిలబడనివ్వని తివాచీ ‘గింబళి’, పడుకోనివ్వని మంచం ‘గిల్పం’! ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీల్లేదు. తివాచీలకు పేరుపడ్డ ఏలూరు జనం ఆ గింబళిని చూసి ఎంత మురిసిపోయి ఉంటారో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఆ మాయకు దొరికిన ఒళ్లు చాలావరకు మన చుట్టుపక్కల ఊళ్లవే. ఘటోత్కచుడు నూజివీడు ఎస్వీఆర్. శర్మ, శాస్త్రి జంటలో అల్లు రామలింగయ్యది పాలకొల్లు. లక్ష్మణకుమారుడు రేలంగి తాడేపల్లిగూడెంలో స్థిరపడి, రేలంగి చిత్రమందిర్ కట్టి, 1975లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు.

కెమెరా మార్కస్ బార్ట్లేది, దర్శకత్వం కె.వి.రెడ్డిది. ఇలాంటి ట్రిక్కు షాట్ల సూత్రం చెప్పుకోవడానికి చాలా చిన్నది. కెమెరాను కదలకుండా బిగించాలి. తీస్తూ తీస్తూ ఆపాలి. వస్తువును జరిపి మళ్లీ తీయాలి. ఈలోగా ఫ్రేములో ఉన్న మనిషి చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోవాలి. భుజం అరంగుళం జారిందంటే తెర మీద మనిషి ఉలిక్కిపడ్డట్టు కనిపిస్తుంది. నెత్తిన కిరీటం, ఒంటినిండా నగలు, పైనుంచి లైట్ల వేడి. వివాహ భోజనం పాటలో లడ్డూలు లేచి ఎస్వీఆర్ నోట్లో పడుతుంటే మనం లడ్డూల్నే చూస్తాం. ఈసారి ఆయన కళ్లు చూడండి. రాబోయే లడ్డూ ఎటునుంచి వస్తుందో ముందే తెలిసినట్టు ఆ చూపు సరిగ్గా అక్కడికే వెళుతుంది. ఈ మాయలో సగం బార్ట్లేది, సగం ఆ చూపుది. శశిరేఖ వేషంలో సావిత్రి అయితే ఘటోత్కచుణ్ని తన ఒంట్లోకే దించుకుంది, ఏ ట్రిక్కూ అక్కర్లేకుండా.

అక్కణ్నుంచి కథ తిన్నగా సాగదు. 2010లో ‘మాయాబజార్’కి రంగులద్దారు. 2012లో ‘ఈగ’ వచ్చేసరికి హీరోయే కంప్యూటర్లో పుట్టాడు. పైదేశాల మ్యూజియాల్లో మాత్రం ఈ పాత విద్యను చూడవచ్చినవాళ్ల ఒంటి మీదే ప్రయోగిస్తున్నారు. బిగించిన కెమెరా, ఒక మీట, ఎదురుగా తెర. తెర మీద మీ కిందటి ఫొటో లేతనీడలా కనిపిస్తుంటుంది. దాన్ని చూసుకుంటూ కాస్త జరిగి మీట నొక్కాలి. కెమెరా పైన ఉంటే నేల మీద పడుకున్న పిల్లాడు ఆకాశంలో ఈదేస్తాడు. ఇటు మన పెళ్లిళ్లలో 360 డిగ్రీల బూత్ వచ్చింది. గుండ్రటి దిమ్మె మీద పెళ్లికూతురు, పెళ్లికొడుకు చేతులూపుతుంటే ఫోను వాళ్ల చుట్టూ గిరగిరా తిరుగుతుంది. ఎవరూ ఆగక్కర్లేదు. నాకు అది నచ్చదు, కానీ భోజనాలు బాగుంటాయి కాబట్టి ఊరుకుంటాను.

ఎస్వీఆర్ జయంతి చేసే సంఘాల వారికి, బడుల్లో డ్రాయింగు మాస్టార్లకి ఒక మనవి. దండ వేయండి, ఉపన్యాసాలూ కానివ్వండి. పక్కన ఒక గదిలో స్టాండుకి ఫోను బిగించి, ఉచితంగా దొరికే స్టాప్ మోషన్ యాప్ పెట్టి, ఒక పళ్లెం లడ్డూలు ఉంచండి. సెకనుకు 12 ఫొటోల లెక్కన పది సెకన్లకి 120 చాలు. పిల్లల్ని ఒక్కొక్కరినీ నోరు తెరిచి కదలకుండా కూర్చోమనండి. తీసినవి అక్కడికక్కడే గోడమీద ఆడించి, లడ్డూలు వాళ్లకే పంచిపెట్టండి.