పెళుసు ఎముకల పిల్లలకు వ్యాయామ శిక్షణ

ఆస్టియోజెనెసిస్ ఇంపర్‌ఫెక్టా జన్యుపరమైన వ్యాధి. ప్రధానంగా ఒకటో రకం కొల్లాజెన్ లోపం వల్ల ఎముకలు పెళుసుబారి, స్వల్ప తాకిడికే విరుగుతాయి. కండరాలూ బలహీనంగా ఉంటాయి. ఆ భయంతో పిల్లలను కదలనివ్వకపోవడం సహజమే గాని, కదలిక తగ్గినకొద్దీ కండరాలు, ఎముకలు మరింత క్షీణిస్తాయి.

నెదర్లాండ్స్ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఈ వ్యాధి ఒకటి, నాలుగు రకాలకు చెందిన 34 మంది పిల్లలు పాల్గొన్నారు. కొందరికి 12 వారాలపాటు క్రమంగా తీవ్రత పెంచుతూ వ్యాయామం చేయించారు. మిగిలినవారికి యథావిధి సంరక్షణే కొనసాగింది. వీరితో పోలిస్తే శిక్షణ పొందినవారిలో కండర బలం 12 శాతం, శరీర బరువు ప్రకారం లెక్కించిన గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం 18 శాతం పెరిగాయి. శిక్షణ ఆగాక ఆ లాభం క్రమేపీ తగ్గింది. తీవ్రమైన మూడో రకానికి ఈ ఫలితాలను యథాతథంగా అన్వయించరాదు.