మన సీమ పర్వదినములు



'పర్వము' అను సంస్కృతపదమునకు మొదటి యర్థము గణుపు. చెఱకుగడకు గణుపు లెట్టివో సంవత్సరమునకు పర్వదినము లట్టివి. గణుపు లేని గడ నిటారుగా నిలువజాలదు. చెఱకు ముచ్చెను నేలలో నాటినప్పుడు క్రొత్తమొలక పుట్టునదియు గణుపునొద్దనే. మన పూర్వులు కాలమును ఈ రీతిగ విభజించి, ఒక్కొక్క గణుపునొద్ద కొంత నిలిచి, గడచినదానిని తలచుకొని, మఱల పనిలో ప్రవేశించుచుండిరి. అయితే ఒకే యూరిలో పలువిధముల ప్రజలు పలువిధముల పంచాంగములతో కాపురముండునప్పుడు ఒకరి పర్వదినము మఱియొకరికి పరాయిదినము కావలసినదేనా? ఈ ప్రశ్నకు మన గుంటూరు, ప్రకాశము సీమల చరిత్ర చెప్పు సమాధానమును నేడు మీకు మనవి చేయదలచితిని.

కృష్ణ దక్షిణపు టొడ్డు మొదలుకొని గుండ్లకమ్మ పాఱు నేలలవఱకు వ్యాపించిన యీ సీమ ప్రత్తికిని మిరపకును పేరుగన్నది. జిల్లాల యెల్లలు మాఱుచు వచ్చినవి. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడి, 1972లో ప్రకాశము జిల్లా యయ్యెను; 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేఱుపడెను. కాని యిచటి పర్వదినములు ఈ యెల్లల నెఱుగవు. వానిలో కొన్నిటి వయస్సు జిల్లాల వయస్సుకంటెనే గాక రాజ్యముల వయస్సుకంటెను ఎక్కువ.

మొట్టమొదట నాగార్జునకొండకు పోవుదము. అది ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి యున్నచోటు. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున వెలసిన ఆ వంశమున శాంతమూలుడు అశ్వమేధ వాజపేయాది క్రతువుల నాచరించిన వైదికుడు. ఆయన సోదరి శాంతిశ్రీయో, బుద్ధధాతువు నిమిడ్చిన మహాచైత్యమునకు కొమ్ముగాచి స్తంభములెత్తించిన దాత్రి. ఆమె శాసనములలో దినము ఎంత స్పష్టముగా చెక్కబడియున్నదో చూడుడు: వీరపురుషదత్తుని 6వ రాజ్యవర్షము, వర్షర్తువున 6వ పక్షము, 10వ దినము. ఏడాదిని గ్రీష్మము, వర్షము, హేమంతము అను మూడు ఋతువులుగా, ఒక్కొక్క ఋతువును ఎనిమిది పక్షములుగా లెక్కించిన కాలమది. అన్న యజ్ఞము చేసెను. చెల్లెలు చైత్యము నిలిపెను. ఒకే యింట ఇద్దఱి దినములును చెల్లినవి. భిన్నమతముల దినములు ఒకచోట నుండుట క్రొత్త నాగరకతయని కొందఱు తలంతురు. మన సీమలో అది పదునేడువందల యేండ్లనాటి గృహమర్యాద.

రాజుల వేడుకలను గూర్చి ఎక్కువ చెప్పను. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములు జరిపి 'కర్పూరవసంతరాయ' బిరుదమును పొందెను. ఆ యుత్సవములకు కావలసిన సుగంధద్రవ్యములను సముద్రముల కావలి దీవులనుండి తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినది ఆయనకే. రాజ్యముతోడనే ఆ వసంతోత్సవమును పోయినది. ఒక్కని భాండారముమీద నడచు పండుగ ఆ భాండారమున్నంతకాలమే యుండును. ఊరివారి చేతులమీద నడచునది నిలుచును.

అట్లు నిలిచినవానిలో ప్రథమగణ్యము కారెమపూడి వీరారాధనము. పండ్రెండవ శతాబ్దమున పల్నాటి యుద్ధమున నేలకొరగిన వీరులను నాగులేటి యొడ్డున, కార్తికామావాస్య మొదలుకొని యైదుదినములు కొలుతురు. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ దినములకు పేర్లు. కొణతములని పిలువబడు వీరుల యాయుధములను భక్తులు మోసికొని వత్తురు. ప్రత్తితీతల రోజులే యైనను చేలను విడిచి జనము కదలివచ్చును. ఇందు నా మనస్సును మిక్కిలి యాకర్షించునది మందపోరునాటి చాపకూడు. బ్రహ్మనాయుడు కులభేదము లెంచక తన వీరులందఱను ఒక చాపపై కూర్చుండబెట్టి భోజనము చేయించెనని కథ. ఆయన సేనానులలో మాలకులమున జన్మించిన కన్నమదాసు అగ్రగణ్యుడు. కథలో చరిత్ర మెంతయని పండితులు తర్కింపవచ్చును. కాని యొక ప్రజ ఏ విషయమును తన కథగా చెప్పికొనదలచెనో యదియు చరిత్రయే. సహపంక్తిభోజనమును సంఘసంస్కర్తలు సభలలో ప్రతిపాదింపకముందే, మన పల్లెవారు దానిని ఒక దినముగా తమ పంచాంగమున వ్రాసికొనిరి. ఆ దినమున కూర్చున్న చాపమీద తక్కిన దినములలోను కూర్చుంటిమా యనునది మనలను మనమే వేసికొనవలసిన ప్రశ్న.

ఇక మాఘ బహుళ చతుర్దశి. నరసరావుపేట సమీపమున కోటప్పకొండమీద త్రికోటేశ్వరుని తిరునాళ్ళు. అప్పటికి మిరపకోతలు ముమ్మరముగా సాగుచుండును. కల్లములు ఎఱ్ఱని తివాచీలవలె నుండును. ఐనను ఊరూరను ప్రభ లేచును. వెదుళ్ళతోను దూలములతోను కట్టి, రంగుబట్టలతో నలంకరించి, నేడు విద్యుద్దీపములతో వెలిగించుచున్న యీ ప్రభలు తాటిచెట్లకంటె నెత్తుగా నుండును. వానిని నలువైపుల మోకులతో నిలువరించుచు తీసికొనివచ్చుట ఒకరిచేత నగు పని కాదు. వడ్రంగి, వెదురుపనివాడు, కమ్మరి, కుట్టుపనివాడు, మోకుబట్టు యువకుడు, అందఱును కలిసిననే ప్రభ కదలును. ఒక వైపు మోకు వదలినచో కూలును. కొండ యెక్కువారు గొల్లభామ ఆనందవల్లి గుడిని దర్శించుట యచటి ఆచారము. మహాదేవుని కొండపై పాలమ్ము పిల్లకు గుడి కట్టిన స్థలపురాణమది.

మహమ్మదీయుల దినములకు వత్తము. గుంటూరు పాతపట్టణమున కాలేమస్తాన్ దర్గా కలదు. ఈ సీమలో మస్తానయ్య, మస్తానమ్మ యను పేర్లు గల హిందువులు ఎందఱో! ఏ సభయు తీర్మానింపకయే తల్లులు బిడ్డలకు పెట్టుకొన్న పేర్లవి. 'ఉరుసు' అను అరబ్బీపదమునకు పెండ్లియని యర్థము. సిద్ధుడు దేహము విడిచిన దినము దైవముతో వివాహమైన దినమని భావము. మొహర్రము క్రీ. శ. 680లో కర్బలాయందు ఇమాము హుసేను వధింపబడిన శోకదినము. మన పల్లెలు దానిని పీర్లపండుగ యన్నవి. పీర్లను మోయువారిలో, గుండము త్రొక్కువారిలో హిందువులును ఉందురు. మనమో, మరణదినమును 'వర్ధంతి' యందుము. వృద్ధిపొందుట యనునది దాని ధాత్వర్థము, కన్నడదేశమున అది పుట్టినదినమునకే పేరు. చూడుడు, మరణమును ఒకరు పెండ్లి యనిరి, ఒకరు పండుగ యనిరి, ఒకరు వృద్ధి యనిరి. మాటలు వేఱైనను మనస్సొక్కటే.

వారి మాసములు చాంద్రమానమువే యైనను అధికమాసము లేనందున ఏటేట పది పదునొకండు దినములు ముందునకు జరుగును. ముప్పదిమూడేండ్లకు ఋతుచక్రము నంతయు చుట్టివచ్చును. అందుచేత అప్పుడప్పుడు రెండు మతముల దినము లొక్కటిగా వచ్చును. 2020లో వినాయకచవితియు మొహర్రము మాసారంభమును ఒకే వారమున వచ్చినవి. అట్టివేళ ఎవరి ఊరేగింపు ముందు, ఎవరి వాద్యము ఏ వీధి మలుపున నాపవలెను అను సంగతులను ఊరిపెద్దలు ముందుగా కూర్చుండి మాటలాడికొనుట మంచి సంప్రదాయము. పంచాంగమెఱిగిన పెద్దలకు ఈ కలయిక ఎప్పుడు వచ్చునో యేండ్లకు ముందే తెలియును; కావున హఠాత్తుగా వచ్చిన చిక్కు అనుట చెల్లదు.

క్రైస్తవుల దినములలో రెంటిని చెప్పెదను. 1842 జూలై 31న హయ్యరను లూథరను బోధకుడు గుంటూరు చేరెను. ఆ మిషను వేసిన విత్తనములే పిమ్మట పాఠశాలలు, వైద్యశాలలు, కళాశాలయు నయ్యెను. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద జ్యూవెట్ దంపతులును ముగ్గురు తెలుగు క్రైస్తవులును సూర్యోదయవేళ ప్రార్థించిరి. అది నేటికిని ప్రార్థనకొండయే. తరువాత 1876 మొదలు 1878 వఱకు ఘోరమైన కఱవు వచ్చెను. ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాము కాలువలో కొంతభాగపు త్రవ్వకమును ఒప్పందము చేసికొని, అన్నము లేనివారికి కూలి కల్పించెను. అన్నముకొఱకు మతము మాఱిరను మాట రాకుండ, కఱవు సాయము జరుగుచున్నంతకాలము బాప్తిస్మముల నాపెను. 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికసంఖ్యాకులు మాదిగలు. ఆ దినమును మతాంతరీకరణముగా మాత్రమే చదువువారు సగమే చదివినవారు. ఊరి బావినీరు ముట్టరాదనబడిన జనము నదిలో దిగి నిలిచిన దినమది. దానిని తలచునప్పుడు ఆ జనమును బావియొద్దకు రానీయనిది యెవరను ప్రశ్నయు తలపునకు రావలెను.

ఇక మతముతో సంబంధము లేని దినములు. 1913లో బాపట్లలో ప్రథమాంధ్రమహాసభ జరిగెను. 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము వెలసెను. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున చీరాల పేరాల ప్రజలు పురపాలకసంఘపు పన్నును ధిక్కరించి, ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమున పదునొకండు నెలలు పాకలలో వసించిరి. ఇవి మన బాలురు నోట చెప్పవలసిన దినములు. సెప్టెంబరు 28 గుఱ్ఱము జాషువకవి జన్మదినము. 1895లో వినుకొండయం దాయన పుట్టెను. పారశీకకవిపై ఫిరదౌసిని, క్రీస్తుపై క్రీస్తుచరిత్రను రచించిన యా కవియే గబ్బిలమున, గుడిలో ప్రవేశములేని మనుష్యుడు గుడిలో ప్రవేశముగల గబ్బిలముచేత శివునకు సందేశమంపినట్లు వ్రాసెను. మన సీమలోని పంచాంగములన్నియు ఒక్క హృదయమున నిమిడినచో నెట్లుండునో జాషువ కవిత్వమట్లుండును.

ఆగష్టు 29 తెలుగుభాషాదినము, 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారి పుట్టినదినము. నేను సంప్రదాయపద్ధతిని చదివినవాడను. గ్రాంథికమే నాకు అలవడిన భాషయని నా మాటలనుబట్టి మీకు తెలియుచునే యున్నది. ఆ భాషతో జీవితమంతయు పోరాడిన మహనీయుని దినమది. ఐనను ఉపాధ్యాయుడుగా ఆయన పటమునకు దండ వేయుటకు నేనెన్నడును వెనుదీయలేదు. బాలుర నోటిమాటను బడిలోనికి రానిండని యడిగినవాడు, కొండలలోని సవరలకొఱకు వారి భాష నేర్చి నిఘంటువు కూర్చినవాడు నాకు పూజ్యుడే. ఒకరి దినమును గౌరవించుటకు వారితో నేకీభవింపనక్కఱలేదు. ఈ యొక్కమాట మనసున నిలిచినచో పర్వదినముల తగవులు సగము తీరును.

ఉత్సవములే కాక, గాయములును పంచాంగమున నుండును. 1985 జూలై 17న కారంచేడులో ఆర్గురు దళితులు, 1991 ఆగష్టు 6న చుండూరులో ఎనమండుగురు దళితులు చంపబడిరి. కారంచేడునుండి తరలినవారు చీరాలలో స్థిరపడిరి. చుండూరు మృతుల సమాధిస్థలమునకు రక్తక్షేత్రమని పేరు. ఏటేట ఆ దినములలో బంధువులును అభిమానులును కూడుదురు. పాతగాయమును రేపుటెందుకని కొందఱు పెద్దమనుష్యులు నాతో ననిరి. ఎనిమిదివందల యేండ్లనాటి పల్నాటి మృతులకు కొణతము లెత్తుట గాయము రేపుట కానప్పుడు, నిన్న మొన్నటి మృతులకు దీపము పెట్టుట ఎట్లు గాయము రేపుట యగును? చాపకూడు కథ చెప్పికొను సీమ ఈ రెండు తేదీలను మఱచినచో ఆ చాప వట్టి రంగస్థలపు చాప యగును.

చివరకు ప్రబోధదినములు. అక్టోబరు 7 ప్రపంచ ప్రత్తిదినము. ఆఫ్రికాలోని బెనిన్, బుర్కినాఫాసో, ఛాద్, మాలి యను నాలుగు ప్రత్తిదేశములు ముందడుగు వేయగా 2019లో ఆరంభమై, 2021లో ఐక్యరాజ్యసమితి గుర్తింపు పొందినది. మన రైతు చిరకాలముగ జరుపుకొను జ్యేష్ఠపూర్ణిమ, ఏరువాక పున్నమ, దానికి అక్కవంటిది. డిసెంబరు 2 కాలుష్యనివారణదినము. 1984లో భోపాలున విషవాయువుచేత మరణించినవారి స్మరణార్థము. ఆ కర్మాగారమున తయారైనది పురుగుమందే. ప్రత్తికిని మిరపకును మందు చల్లు కూలీలున్న సీమలో ఈ దినమున ఊరేగింపు తీసి, వ్యాసపు పోటీ పెట్టి, మిఠాయి పంచి యూరకుండుట చాలదు. గాలికెదురుగా చల్లరాదని, ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెనని, డబ్బాను నీటితొట్టిలో కడుగరాదని ఆనాడు చేనిగట్టున చెప్పినచో అది దినము.

కావున గ్రామములకు, పాఠశాలలకు నా మనవి మూడు మాటలు. ఒకటి: ఎవరిదినమైన, దానిని గూర్చి మొదట పలుకవలసినవారు ఆ దినమువారే, తక్కినవారు వినవలెను. రెండు: ఒకరి ముఖ్యదినమున పరీక్షగాని పంచాయితీగాని పెట్టరాదు, అందులకై ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయునప్పుడే హిజరీ, క్రైస్తవ దినములను గూడ ఒక పట్టికలో వ్రాసి రచ్చబండవద్ద నంటింపవలెను. మూడు: ప్రతిదినమును ఏదోయొక పనిని మిగిల్చిపోవలెను, ఒక పుస్తకము, ఒక చెట్టు, ఒక చేదుబావి, ఒక సహపంక్తి. అట్టి పట్టికయున్న యూరిలో పిల్లవాడు తన తోడివాని దినమెప్పుడో తెలిసికొని పెరుగును. అంతకంటె మంచి చరిత్రపాఠము ఏ బడిలోను చెప్పజాలము.

స్వస్తి.