బొడ్డుతాడు మూలకణాల మార్పిడిలో దాత, గ్రహీతల లింగ సామ్యం

బొడ్డుతాడు మూలకణాల మార్పిడిలో దాత, గ్రహీత ఒకే లింగానికి చెందినవారైతే లింగ సామ్యం అని, వేరువేరు లింగాలవారైతే లింగ భేదం అని అంటారు. ప్రసవం తరువాత బొడ్డుతాడులోను, మాయలోను మిగిలే రక్తంలో రక్తకణాలను పుట్టించే మూలకణాలు ఉంటాయి. రక్త క్యాన్సరు, పుట్టుకతో వచ్చే కొన్ని రక్తహీనతలు వంటి వ్యాధులలో వీటిని రోగికి ఎక్కిస్తారు. ఇవి ఎముకల మూలుగలో స్థిరపడి కొత్త రక్తాన్ని తయారుచేస్తాయి. లింగ భేదం ఈ చికిత్సకు అడ్డంకి కాదు.

తొలి మార్పిడి

ప్రపంచంలో మొదటి బొడ్డుతాడు రక్త మార్పిడి 1988 అక్టోబరులో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో ఎలియాన్ గ్లుక్‌మన్ ఆధ్వర్యంలో జరిగింది. గ్రహీత ఫాంకోని రక్తహీనతతో బాధపడుతున్న అయిదేళ్ళ అమెరికా బాలుడు. దాత అప్పుడే పుట్టిన అతని చెల్లెలు. అమెరికాలో సేకరించిన ఆ రక్తాన్ని హాల్ బ్రాక్స్‌మెయర్ ప్రయోగశాలలో గడ్డకట్టించి భద్రపరచి, పారిస్‌కు తీసుకువెళ్ళారు. బాలుడు కోలుకున్నాడు. ఆ విధంగా మొదటి మార్పిడే లింగ భేదం ఉన్న జంట మధ్య జరిగింది.

లింగ భేదం ప్రభావానికి కారణం

మార్పిడికి ముఖ్యంగా సరిపోలవలసినవి హెచ్.ఎల్.ఎ. ప్రతిజనకాలు. వీటి జన్యువులు 6వ క్రోమోజోముపై ఉంటాయి. అందువలన తోబుట్టువు ఆడైనా మగైనా పూర్తిగా సరిపోలే అవకాశం నాలుగింట ఒక వంతే. అయితే పురుషుని కణాలలో వై క్రోమోజోము వలన ఏర్పడే కొన్ని మాంసకృత్తులు స్త్రీ కణాలలో ఉండవు. వీటి నుండి వచ్చే ప్రతిజనకాలను హెచ్-వై ప్రతిజనకాలు అంటారు. ఒకే వంశానికి చెందిన ఎలుకలలో మగ ఎలుక చర్మాన్ని ఆడ ఎలుకలు తిరస్కరించడాన్ని 1955లో ఐక్‌వాల్డ్, సిల్మ్సర్ వెల్లడించారు.

స్త్రీ దాత, పురుష గ్రహీత: దాత టి-కణాలు గ్రహీత శరీరాన్ని పరాయిదిగా భావించి దాడి చేయవచ్చు. దీనిని గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ వ్యాధి అంటారు. వయోజన దాతల మూలుగ మార్పిడిలో, ముఖ్యంగా దాత పిల్లలను కన్న స్త్రీ అయినప్పుడు, ఈ ముప్పు ఎక్కువ. అదే దాడి మిగిలిన క్యాన్సరు కణాలనూ నశింపజేయగలదు.

పురుష దాత, స్త్రీ గ్రహీత: గ్రహీతలో మిగిలిన రోగనిరోధక కణాలు దాత కణాలను తిరస్కరించవచ్చు. గర్భధారణ వలన గాని, రక్తం ఎక్కించుకోవడం వలన గాని ఆమె శరీరం ముందే పరాయి ప్రతిజనకాలకు స్పందించి ఉంటే ఈ ముప్పు పెరుగుతుంది.

బొడ్డుతాడు రక్తంలో తేడా

నవజాత శిశువు టి-కణాలలో అధికభాగం ఇంకా ఏ ప్రతిజనకాన్నీ ఎదుర్కొననివి. ఆడశిశువుకు గర్భధారణ వలన హెచ్-వై ప్రతిజనకాల పరిచయం కలిగే ప్రశ్నే లేదు. కనుక వయోజన దాతలలో కనిపించే లింగ ప్రభావం ఇక్కడ అదే తీవ్రతతో ఉండనవసరం లేదు. ఈ విషయంపై జరిగిన అధ్యయనాల ఫలితాలు ఒకే విధంగా లేవు.

దాత ఎంపిక

వైద్యులు మొదట చూసేవి రెండు: హెచ్.ఎల్.ఎ. పోలిక, కణాల సంఖ్య. గ్రహీత బరువులో ప్రతి కిలోగ్రాముకు సుమారు 2.5 కోట్లు లేదా అంతకు మించి కేంద్రకం గల కణాలు ఉండాలని సాధారణంగా భావిస్తారు. లింగం ప్రధాన ప్రమాణం కాదు. లింగం కలవాలని కణాలు తక్కువగా ఉన్న రక్తాన్ని ఎంచుకుంటే, కొత్త మూలకణాలు నిలదొక్కుకోవడం ఆలస్యమై రోగి ప్రాణానికే ముప్పు రావచ్చు.

మార్పిడి తరువాత

లింగ భేదం వలన ఒక సౌలభ్యం కూడా ఉంది. గ్రహీత రక్తకణాలలో ఎక్స్, వై క్రోమోజోములను పరిశీలించి దాత కణాలు ఎంతవరకు స్థిరపడ్డాయో తెలుసుకోవచ్చు. లింగ సామ్యం ఉన్నప్పుడు ఇందుకు డి.ఎన్.ఎ. లోని ఇతర తేడాలను పరీక్షిస్తారు. ఆడశిశువు మూలకణాలు పొందిన బాలుని రక్తకణాలలో రెండు ఎక్స్ క్రోమోజోములు కనిపిస్తాయి. అయినా అతని లింగ లక్షణాలలో ఏ మార్పూ రాదు.